చెక్క ఫ్లోరింగ్ మనమే వేసుకుంటే నెయిలర్ కొనాలా, అద్దెకి తేవాలా?

ఎడిసన్‌వాసి:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మాది పాత ఇల్లు. మేడ మీద రెండు బెడ్‌రూములు, మధ్యలో నడవ, అంతా కలిపి 400 చదరపు అడుగుల దాకా ఉంటుంది. కార్పెట్ తీసేసి ఓక్ చెక్క వేద్దామని పలకలు తెప్పించాం. ¾ అంగుళం మందం, 2¼ అంగుళాల వెడల్పు, పాలిష్ వేసి వచ్చినవే. పెట్టెలు నిన్ననే దిగాయి. కూలి ఎంతవుతుందో విన్నాక నేనూ మా ఆవిడా కలిసి వేసుకుందామనుకున్నాం. మా దగ్గర డ్రిల్లు, సుత్తి తప్ప ఏమీ లేవు. ఫ్లోరింగ్ నెయిలర్ (సుత్తితో కొడితే పలకలోకి మేకు దించే మెషిన్), దానికి గాలి అందించే కంప్రెసర్, పలకలు కోసే మైటర్ సా ఇవన్నీ కొందామని నేను, హోమ్ డిపో లాంటి ఇంటి సామాన్ల షాపులో అద్దెకి తెచ్చుకుందామని తను. వారం నుంచి ఇదే చర్చ. చేసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు:
మీ మేడమ్ గారు చెప్పిందే నాకు సబబుగా ఉందండీ. ఫ్లోరింగ్ నెయిలర్ ఒక్క పనికే పనికొస్తుంది. దానితో పటం తగిలించుకోలేం, కంచె బాగుచేసుకోలేం. ఇల్లంతా అయిపోయాక గరాజ్‌లో బరువుగా పడి ఉంటుంది. పైగా అద్దెకిచ్చే మెషిన్ మామూలుగా పనివాళ్లు వాడే రకం, కొనాలంటే బాగా ఖరీదు. నేను మా పెద్ద బెడ్‌రూమ్‌కి శనివారం పొద్దున తెచ్చి ఆదివారం సాయంత్రం తిరిగిచ్చేశాను. ఒకసారి చేసే పనికి సామాను కొనడం నాకు మనసొప్పదు.

పాలమూరు బిడ్డ:
అన్నా, మీది ఒక గది. ఈయనవి రెండు గదులు, పైగా నడవ. నేనూ రెండు రోజులకే అద్దెకి తెచ్చాను. ఏం జరిగిందో వివరంగా చెప్తా, ఎందుకంటే నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

కార్పెట్ లాగేశాక కింద వందల కొద్దీ స్టేపుల్ పిన్నులు మిగిలాయి. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ పట్టకారతో పీకాలి. అది అయ్యేసరికి అడుగున ఉన్న ప్లైవుడ్ రెండు చోట్ల కిర్రుమంటోంది, కింది దూలాల్లోకి స్క్రూలు దించాల్సి వచ్చింది. తర్వాత పొడవాటి బద్ద పెట్టి చూస్తే కిటికీ దగ్గర ఉబ్బు. 10 అడుగుల్లో 3/16 అంగుళం కంటే ఎత్తుపల్లాలు ఉండకూడదంటారు, నాది దానికి రెట్టింపు. దాన్ని అరగదీశాను. ఇలా రెండు రోజులూ గడిచిపోయాయి. నెయిలర్ పెట్టెలోంచి బయటికి కూడా రాలేదు, ఆటో మీటర్ లాగా అద్దె మాత్రం తిరుగుతూనే ఉంది.

మేకుల పని కూడా ఎవరూ లెక్క వేసుకోరు. 12 అడుగుల గదికి 2¼ అంగుళాల పలక అంటే 64 వరుసలు. ఒక్కో వరుసలో 8 అంగుళాలకో మేకు అనుకుంటే 18. అంటే ఒక్క గదికే 1,150 దెబ్బలు! దెబ్బ కొట్టడం తేలికే, టైమంతా పలకలు ఏరుకోవడంలోనే పోతుంది. రంగు కలవాలి, పక్క వరుస అతుకూ ఈ వరుస అతుకూ దగ్గర పడకూడదు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం రెండు గంటలు పనిచేసేవాళ్లకి ఇది వారాల పని.

రెండోసారి కూడా అద్దెకి తెచ్చాక, ఇక చాలని 200 డాలర్ల లోపు ఒకటి కొనేశాను. దానితోనే మిగిలిన గదులు నిదానంగా, నచ్చని పలక తీసి మళ్లీ వేసుకుంటూ పూర్తి చేశా. తర్వాత మా వీధిలో ఇద్దరు స్నేహితులు అదే పట్టుకెళ్లి వాళ్ల ఇళ్లు చేసుకున్నారు.

గోదారిగట్టు:
మీరు పడ్డ కష్టం అర్థమైంది. కానీ అందులో తప్పు అద్దెది కాదు, ముందే తెచ్చుకోవడంది. పిన్నులు పీకడం, స్క్రూలు, అరగదీయడం అన్నీ అయ్యాకే నెయిలర్ తేవాలి. ఒక్కో రోజు లెక్కన కాకుండా వారానికి తీసుకుంటే చాలాచోట్ల బాగా తగ్గుతుంది కూడా. చెక్కను ఇంటి గాలికి అలవాటు పడనివ్వకుండా తొందరపడేదీ అద్దె గడువు భయంతోనే. తేమ మీటర్ కొని పలకలోనూ కింద ప్లైవుడ్‌లోనూ చూడండి. ఈ వెడల్పు పలకలకి ఆ రెంటికీ తేడా 4 శాతం దాటకూడదు. అది కుదిరిన రోజు షాపుకి వెళ్లండి.

ఫ్రిస్కో నాన్న:
ఎడిసన్ గారివి మేడ మీది గదులు, అడుగున ప్లైవుడ్ ఉంటుంది కాబట్టి సరే. ఇది చదివే డాలస్ వైపు వాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడ ఎక్కువ ఇళ్లు నేల మీద నేరుగా పోసిన కాంక్రీట్ స్లాబ్ మీదే ఉంటాయి. నేను చూసుకోకుండా నెయిలర్ కొనేసి, తిరిగిచ్చే గడువు దాటాక తెలుసుకున్నాను. కాంక్రీట్‌లోకి ఆ మేకు దిగదు. స్లాబ్‌కి ప్లైవుడ్ బిగిద్దామని డ్రిల్ పెట్టబోతే మా పక్కింటాయన ఆపారు. పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయితే లోపల బిగుతుగా లాగిన ఉక్కు కేబుళ్లుంటాయి, ఒకటి తెగిందంటే ప్రాణాల మీదికొస్తుంది. చివరికి ఇంజనీర్డ్ వుడ్ (పైన పల్చటి అసలు చెక్క, కింద ప్లైవుడ్ లాంటి పొరలు ఉండే పలకలు) జిగురుతో అంటించాం. దానికి కావలసింది పళ్ల తాపీ, రంపం. మా వైపు వాళ్లకి అసలు కొనాలా అద్దెకా అన్న ప్రశ్నే రాదు.

ఓరుగల్లు:
కోత మెషిన్ మాత్రం కొనుక్కోండి అన్నా. ప్రతి వరుస చివరా ఒక కోత ఉంటుంది, తర్వాత గోడల అడుగున కొట్టే చెక్క పట్టీలకీ (బేస్‌బోర్డులు) అదే కావాలి. చిన్న కంప్రెసర్ కూడా కొన్నా నష్టం లేదు, కారు టైర్లకి ఎటూ పనికొస్తుంది. గోడ పక్కన మొదటి, చివరి వరుసల దగ్గర ఫ్లోరింగ్ నెయిలర్ పట్టదు, సుత్తి ఊపడానికి చోటుండదు. అక్కడికి సన్న మేకులు కొట్టే చిన్న ఫినిష్ నెయిలర్ కావాలి. అద్దె లెక్క వేసేటప్పుడు చాలామంది దీన్ని మర్చిపోతారు.

అద్దెకే తెస్తే షాపులోనే గాలి పెట్టించి నాలుగు మేకులు కొట్టి చూడండి. నాకిచ్చినదాంట్లో సీల్ పోయి గాలి బుస్సుమని కారింది. మేకు సగమే దిగేది. పైకి లేచిన తలని ఉలితో కొట్టి దించబోయి పలక అంచు విరగ్గొట్టాను. మెషిన్ మార్చి ఇచ్చారు కానీ సగం రోజు పోయింది. ఇంకో సంగతి, క్లీట్లు (ఈ నెయిలర్‌లో వేసే మేకులు) ఎల్ ఆకారంలోనూ టి ఆకారంలోనూ వస్తాయి, అన్ని మెషిన్లూ రెండూ తీసుకోవు. చేతికి మెషిన్ వచ్చాకే డబ్బా కొనండి.

పాలమూరు బిడ్డ:
గోదారి అన్న చెప్పిన క్రమం మంచిదే, ఒప్పుకుంటా. కానీ మొదటిసారి చేసేవాళ్లకి వారం గడువు కూడా మెడ మీద కత్తే. పిల్లలకి జ్వరం వస్తుంది, ఆఫీసులో రిలీజ్ పడుతుంది. అప్పుడు తొందరలో వేసిన వరుసని ముప్పై ఏళ్లు చూడాల్సింది మనమే.

ఎడిసన్‌వాసి:
అందరికీ చాలా థాంక్స్. ఇద్దరం కూర్చుని చదివాం. రంపం, తేమ మీటర్ ఈరోజే కొన్నాం. వేడిగాలి వచ్చే జాలీ పైకి లేపి చూస్తే ప్లైవుడ్ మందం ¾ అంగుళం ఉంది, మేకులకి ఢోకా లేదు. నెయిలర్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. తను వారం అద్దె దగ్గరకి వచ్చింది, నేను పాలమూరు అన్న వైపే ఉన్నా. మీటర్ ప్లైవుడ్‌లో 8 శాతం, ఓక్‌లో 13 శాతం తేమ చూపిస్తోంది. పెట్టెలు విప్పి పలకల మధ్య పుల్లలు పెట్టి గదిలోనే పేర్చాం. తేడా నాలుగులోపలికి వచ్చేదాకా ఏ షాపుకీ వెళ్లడం లేదు.