పారాలింపిక్స్‌లో మా పాపది ఏ విభాగం?

బెజవాడ నాన్న: మా పాపకి 13 ఏళ్లు, కుడి మోచేయి కింద చెయ్యి లేదు. రోజూ పొద్దున్నే ఇందిరాగాంధీ స్టేడియంలో పరిగెడుతుంది, వేలాడకుండా చొక్కా చెయ్యి మడిచి నేనే పిన్నీసు పెడతాను. స్కూల్లో మాత్రం పోటీలకి తీసుకోలేదు, చాలా బాధేసింది. ఏ విభాగం వస్తుందండీ?

గుంటూరు పీఈటీ: మీరు చెప్పినదాన్నిబట్టి టీ47 అండి. టీ అంటే పరుగు, జంప్‌లు. ఎఫ్ అంటే విసిరేవి. పక్కనున్న అంకె వైకల్యాన్ని బట్టి ఇస్తారు. హైజంప్ నిషాద్ కుమార్‌దీ టీ47యే, టోక్యోలో, పారిస్‌లో రెండుసార్లూ వెండి పతకం తెచ్చాడు. కానీ ఖాయం చేసేది క్లాసిఫయర్లే, అంటే విభాగం నిర్ణయించే నిపుణులు, కాగితాలు చూసి, స్వయంగా పరీక్షించి చెప్తారు కాబట్టి డాక్టరు రిపోర్టులు ఒక్కటీ పారేయకండి.

కృష్ణలంక అక్క: పాపకి దీప్తి జీవాంజి పరుగు చూపించు తమ్ముడూ. వరంగల్ జిల్లా పిల్ల, 2024 పారిస్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. ఆమెది టీ20, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం. నాకైతే చూస్తుంటే ఏడుపొచ్చేసింది.

బెజవాడ నాన్న: రిపోర్టులు బీరువాలోనే ఉన్నాయండి, ఇప్పుడే తీస్తున్నా.