అప్‌డేట్: అమెరికా నుంచి పంపిన జీపీఏ చివరికి చెల్లింది

స్థలం అమ్మడానికి నాన్నగారి పేర రాసి పంపిన జీపీఏని (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పని చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తిప్పి పంపారని అడిగాను కదా, పని అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

లోపం సంతకంలో కాదు, స్టాంపులో. విదేశంలో రాసిన జీపీఏ ఇండియా చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాలట, స్టాంపు చట్టం సెక్షన్ 18 ప్రకారం. లాయర్‌గారు పట్టుకున్నది ఇదే. గడువు సంతకం తేదీ నుంచి కాదు, కాగితం ఇక్కడ చేతికందిన రోజు నుంచి. సంతకమై 4 నెలలు దాటినా, డెలివరీ తేదీ ఉన్న కొరియర్ కవరు చూపించాక తీసుకున్నారు. ఆ కవరు చెత్తబుట్టలో వేయకండి!

అమెరికాలోని ఇండియన్ కాన్సులేట్ అటెస్టేషన్ ముందే ఉంది కాబట్టి అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) అక్కర్లేకపోయింది. ఇక్కడి స్టాంపు పేపరు కొని అమెరికా పంపమన్న సలహా కూడా అనవసరమే, తెల్ల కాగితం మీదే రాశాం.