విల్లీ నెల్సన్ గిటార్‌కి రెండో బొక్క ఎలా పడింది? తాళానికి వెనక పాడటం ఎలా సాధన చేయాలి?

తీగలపిచ్చి:
90 దాటాక కూడా అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ ట్రిగ్గర్ అనే ఆ పాత గిటారే పట్టుకుంటారు. సౌండ్‌హోల్‌కీ (పలక మధ్యలోని గుండ్రటి రంధ్రం) బ్రిడ్జ్‌కీ (తీగలు కట్టే కింది చెక్క) మధ్య ఇంకో పెద్ద బొక్క ఉంటుంది కదా, అదెలా పడింది? గిటార్ ఇంకా ఎలా నిలబడింది? ఆయన గొంతు తాళం కంటే వెనక నడుస్తుంది, ఆ పద్ధతి ఎలా పట్టాలి? ఇంకొకటి: దేవుడు, చావు గురించి ఆయన చెప్పే మాటలకు మూలం ఎక్కడ?

కొయ్యపని:
అది మార్టిన్ ఎన్-20, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. 1969లో తన బాల్డ్‌విన్ గిటార్ పాడైతే నాష్‌విల్‌లో 750 డాలర్లకు తీసుకున్నారు. పాతదాని పికప్ (తీగల ధ్వనిని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) విప్పి దీనికి బిగించారు.

బొక్కకు కారణం సులువు. క్లాసికల్ గిటార్ వేళ్లతో మీటడానికి చేసింది, అందుకే దానికి పిక్‌గార్డ్ (పలక అరగకుండా అడ్డుండే ప్లేటు) ఉండదు. ఆయన పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ల) వాయిస్తారు. మెత్తటి స్ప్రూస్ కలప పలక దశాబ్దాల రాపిడికి అరిగి తెరుచుకుంది. ఆస్టిన్‌లో గిటార్లు బాగుచేసే మార్క్ ఎర్ల్‌వైన్ లోపలి పట్టీలు సరిచేస్తూ, పైన లాకర్ అనే మెరుగుపూత పూస్తూ దాన్ని కాపాడుతున్నారు.

నైలాన్ కావడమూ దాని ఆయుష్షుకు కలిసొచ్చింది. నైలాన్ సెట్టు లాగుడు దాదాపు 40 కిలోలు, స్టీల్‌ది 70 దాటుతుంది. కాబట్టి క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు ఎక్కించకండి: బ్రిడ్జ్ ఊడుతుంది, పలక ఉబ్బుతుంది. పిక్‌తో వాయించేవాళ్లు మొదటి రోజే పారదర్శకమైన పలుచని ట్యాప్ ప్లేటు (పలకను కాపాడే రేకు) అంటించుకోవాలి.

లయబద్ధం:
మెట్రోనోమ్ (తాళం దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టండి. ముందు గొంతు లేకుండా గిటార్ కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) మాత్రమే, మార్పు సరిగ్గా దెబ్బ మీదే పడాలి. అది చెదరనప్పుడే పాట ఎత్తుకోండి. పాటలోని పాదాన్ని (లైన్‌ని) అర దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టి, చివరి మాటలను దగ్గరకు లాగి, తరువాతి పాదానికి ముందే ముగించండి. ఆ తరువాత ఒక దెబ్బ ఆలస్యం చేసి చూడండి.

అందరూ తప్పేది ఒక్కచోటే. గొంతు ఆగగానే చెయ్యి కూడా ఆగుతుంది. అప్పుడు అది వెనక పాడటం కాదు, పాటే నెమ్మదించడం. రికార్డు చేసుకుని చెయ్యిని మాత్రమే వినండి. 1978 నాటి స్టార్‌డస్ట్ ఆల్బమ్‌లో పాతకాలపు పాపులర్ పాటలు పాడారు, అందరికీ తెలిసిన వరసలు కావడంతో ఎక్కడ వెనక్కి జరిగారో తేలిగ్గా పట్టుకోవచ్చు.

తీగలపిచ్చి:
చాలా సాయం చేశారండి. నమ్మకాల సంగతి?

అబాట్‌దారి:
టెక్సస్‌లోని అబాట్‌లో తాతా నాయనమ్మల దగ్గర మెథడిస్ట్ (ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) ఇంట్లో పెరిగారు. తరువాత పునర్జన్మను నమ్ముతానని బాహాటంగా చెప్పారు. అందుకే ఆయన మాటల్లో చావు భయంగా వినిపించదు, ప్రయాణంలో ఒక మలుపులా ఉంటుంది.

కానీ నమ్మకాన్ని మాటల్లో కంటే పనిలో వెతకడం మేలు. 1985 సెప్టెంబర్ 22న ఇల్లినాయ్‌లోని షాంపేన్‌లో గాయకులు నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్‌లతో కలిసి రైతుల కోసం ఫార్మ్ ఎయిడ్ కచేరీ పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. 1990లో పన్ను బాకీ కింద ప్రభుత్వం ఆస్తులు జప్తు చేస్తే, గొంతు, గిటార్ మాత్రమే ఉన్న ఆల్బమ్ విడుదల చేసి ఆ బాకీకి డబ్బు కట్టారు. జప్తుకు ముందు ఆయన దాచమన్నది మాత్రం ట్రిగ్గర్‌ని. కూతురు దాన్ని హవాయికి చేర్చింది.