పాలన బాగుంటే దేశానికి కరెంటు ఆదా అవుతుందా?

పర్లాకిమిడి కుర్రోడు:
పోటీ పరీక్షలకి చదువుతున్నా. పాలన బాగున్న దేశాలు అదే జీడీపీకి తక్కువ ఇంధనం వాడతాయట. నాకు ఎక్కట్లేదు. మంచి మెషిన్లు కొనే డబ్బుంటే ఆదా అదే వస్తుంది కదా, మధ్యలో అవినీతి, అధికారులు ఎందుకొచ్చారు? మన ఊళ్ల లెక్కలో చెప్పండి.

వైండింగ్ బాబాయ్:
నాది ఏరు దాటితే పాతపట్నంలో మోటార్ల షాపు బాబూ. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనంత లోడు వేస్తే వోల్టేజి పడిపోతుంది, మోటారు ఎక్కువ ఆంప్స్ లాగి వేడెక్కి కాలిపోతుంది, మేం మళ్లీ చుట్టి ఇస్తాం, అలా రెండు మూడుసార్లు చుట్టించుకున్నది కొత్తదానిలా పనిచెయ్యదు, కరెంటు మాత్రం తింటుంది. పోనీ తక్కువ కరెంటు తాగే స్టార్ స్టిక్కర్ ఉన్న పంపు కొనమంటే రైతు నవ్వుతాడు. ఆంధ్రాలో 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం, ఆదా చేస్తే అతనికి మిగిలేదేంటి? డబ్బున్న ఆసామీ కూడా కొనడు.

బరంపురం బావ:
అలాగని ప్రైవేటుకిస్తే అన్నీ సర్దుకుంటాయనుకోకండి. ఒడిశా 1996లోనే, దేశంలో అందరికంటే ముందు, కరెంటు బోర్డుని విడగొట్టి, రేట్లు, లైసెన్సులు చూసే రెగ్యులేటరీ కమిషన్ పెట్టింది. 1999లో పంపిణీ ప్రైవేటుకిచ్చారు. దారిలో పోయే కరెంటు తగ్గించలేదని 2015లో ఆ కమిషనే మూడు కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది, 2020-21లో టాటా పవర్ వచ్చింది. ఎవరొచ్చినా చెయ్యాల్సింది రీడింగ్ సరిగ్గా తియ్యడం, హుకింగ్, అంటే తీగలకి కొక్కెం తగిలించి కరెంటు దొంగిలించడం ఆపడం, పాత తీగలు మార్చడం. దారిలో పోయిన కరెంటుకీ బొగ్గు కాల్చాం కదా, అదీ దేశం ఖాతాలోనే పడుతుంది.

పర్లాకిమిడి కుర్రోడు:
అయితే డబ్బు లేని దేశం ఏం చెయ్యలేదంటారా?

బరంపురం బావ:
ఎందుకు చెయ్యదు? ఎల్‌ఈడీ బల్బు చూడు. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కోటి 310 రూపాయలకి కొన్నది, కోట్ల బల్బులకి కలిపి టెండర్లు పిలిచేసరికి రెండు మూడేళ్లలో 38కి దిగింది. ఇది కొనే పద్ధతి మార్చినందుకు వచ్చిన ఆదా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, ధనిక దేశాలు స్టీలు, సిమెంటు బయట నుంచి తెప్పించుకుంటే వాటికి కాల్చిన ఇంధనం వాళ్ల ఖాతాలో పడదు, జీడీపీకి ఇంత ఇంధనం అనే లెక్క ఊరికే అందంగా కనిపిస్తుంది, ఆ క్రెడిట్ అంతా పాలనకి ఇవ్వకు.

వైండింగ్ బాబాయ్:
స్టార్ స్టిక్కర్ కూడా అంతే. షాపుల్లో తనిఖీ చేసేవాడు లేకపోతే అది ఉత్త కాగితం.