మా కాలేజీ పాత మిద్దెకు చందాలు వసూలు చేస్తున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
మాది గోదావరి జిల్లాలో ఒక మహిళా కళాశాల, పేరెందుకులెండి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే మేం బోటనీ చదువుకున్న పాత మిద్దె గదికి తాళం వేసుంది, కిటికీలోంచి తొంగిచూస్తే టేకు దూలాల మధ్య నుంచి నాలుగు ఇటుకలు రాలి మా బెంచీ మీదే పడున్నాయి, గోడలో రావి మొక్క మొలిచింది. ఏడుపొచ్చింది. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెడితే వారంలో 6 లక్షలు ఇస్తామన్నారు, సగం మంది అమెరికా వాళ్ళే. ఒకావిడ వాళ్ళాయన కాంట్రాక్టరు, పాతది కొట్టేసి స్లాబు వేసి సిమెంటు పూసేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. డబ్బు నా ఖాతాలో వేయించుకోవచ్చా?

కోఠిమెట్లు:
స్లాబు మాటకు మాత్రం ఒప్పుకోకండి. నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివాను. 1803లో నిజాం దగ్గరి బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించిన రెసిడెన్సీ, అంటే ఆ ప్రతినిధి నివాసం అది, 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. ఆ పెద్ద స్తంభాల మధ్య మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళం, అదొక చరిత్ర అని అప్పుడెవరికి తెలుసు! 2002లో పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది, దర్బారు హాలు బాగై తెరుచుకునేసరికి దాదాపు ఇరవై ఏళ్ళు. అంత పెద్ద సంస్థ వెనకున్నా అంత కాలం పట్టింది, కాబట్టి వచ్చే సంక్రాంతికల్లా అని గ్రూపులో మాటివ్వకండి. ఒక్క బోటనీ గది పెట్టుకోండి, చాలు.

సున్నంబట్టీ:
పాత కట్టడాల రిపేర్లే నా పని. గానుగ సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో కట్టిన గోడ చెమ్మ పీల్చుకుని మళ్ళీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి గోడలో దూరిన దూలం కొసలు పుచ్చిపోతాయి, అది పైకి కనపడదు, ఒకరోజు కప్పే దిగుతుంది. ముందు పైన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూపించండి, తూములు పూడిపోయి ఉంటాయి. రావి మొక్కను పీకకండి, వేరుతో పాటు ఇటుకలూ వస్తాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఇప్పుడు దొరకడం కష్టమే, అయినా వెతకండి.

పైసాలెక్క:
మీ ఖాతాలో ఒక్క రూపాయి వేయించుకోవద్దు, రేపు స్నేహాలే పోతాయి. పూర్వ విద్యార్థినుల సంఘం రిజిస్టర్ చేయించి దాని పేరున ఖాతా తెరవండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇచ్చేది, ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) సరే, విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు. అన్నిటికన్నా ముందు భవనం ఎవరిదో ఆ శాఖ నుంచి కాగితం మీద అనుమతి.

ఉత్తమాట:
ఆ 6 లక్షలతో పిల్లలకు బాత్‌రూములు కట్టించొచ్చుగా?

గోదారిగట్టు:
@ఉత్తమాట, అదీ అడిగామండీ, ఆ పని వేరే నిధుల్లో మంజూరైందన్నారు. మిగతా అందరికీ థాంక్స్. కాంట్రాక్టరుగారికి వద్దని చెప్పే పని నామీదే పడింది, అదే టెన్షన్. సోమవారం ప్రిన్సిపల్ మేడమ్‌ని కలిసి ముందు ఆ తాళం తీయిస్తాను. సున్నంబట్టీ గారూ, ఫొటోలు పెడితే చూసి చెప్తారా?