తెలుగులో చదివిన అమ్మాయికి అమెరికా డిగ్రీలో భాషా క్రెడిట్లు ఇస్తారా?

ప్రశ్న (అనంతపురం)

మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో చాలామంది పిల్లల్లాగే మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంది. ఆగస్టులో అమెరికాలో ఆర్థిక శాస్త్రం డిగ్రీలో చేరబోతోంది. పట్టా పొందాలంటే ఇంగ్లీషు కాక మరొక భాషలో నాలుగు సెమిస్టర్ల స్థాయి ఉండాలనీ, భాష ముందే వచ్చినవారు తమ స్థాయి తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష రాయవచ్చుననీ విశ్వవిద్యాలయం వారు తెలియజేశారు. తెలుగు వచ్చినందుకు పట్టా లెక్కలోకి వచ్చే క్రెడిట్లు కలుపుతారా, లేక ఆ తరగతులు మాత్రమే తప్పుతాయా? అప్పు చేసి పంపుతున్నాము కనుక, ఈ దారిలో వెళ్లినవారు ఉన్నది ఉన్నట్లు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (కడప)

అమ్మా, మినహాయింపు వేరు, క్రెడిట్లు వేరు. ఈ తేడా తెలియక మా అబ్బాయి విషయంలో మేము మొదటి సంవత్సరమంతా తప్పు లెక్కలో ఉన్నాము. బడిలో తెలుగు చదివినట్లు మార్కుల జాబితాలు చూపగానే భాషా నిబంధన నుండి మినహాయింపు ఇచ్చారు గానీ, పట్టాకు కావలసిన 120 క్రెడిట్లలో ఒక్కటీ తగ్గించలేదు. భాషకు పోవలసిన చోట వాడు గణాంక శాస్త్రం తీసుకున్నాడు. అది వాడి చదువుకు మేలే చేసింది, ఫీజు మాత్రం తగ్గలేదు.

మాతృభాషకు క్రెడిట్లు ఇవ్వని విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. పదేళ్లు తెలుగులో వ్యాసాలు రాసిన పిల్లల చదువు లెక్కలోకి రాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. తరగతికి వెళ్లకుండానే క్రెడిట్లు తెచ్చుకునేందుకు అమెరికాలోని కాలేజ్ బోర్డ్ అనే సంస్థ నిర్వహించే క్లెప్ పరీక్షలలో భాషలు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ మాత్రమే. 20 నుండి 80 వరకు ఉండే ఆ స్కోరులో 50 వస్తే 6 క్రెడిట్లు ఇవ్వవచ్చునని సిఫారసు ఉంది, కానీ తుది నిర్ణయం కళాశాలదే. హైస్కూలులో ఉండగానే కళాశాల స్థాయిలో రాసే ఏపీ అనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలలోనూ తెలుగు లేదు. యాక్ట్‌ఫుల్ అనే భాషా బోధన సంస్థ వారి మౌఖిక పరీక్ష తెలుగులో ఉంది. దానిని మీ అమ్మాయి చేరే చోట క్రెడిట్ల కోసం ఒప్పుకుంటారా, కేవలం మినహాయింపుకే తీసుకుంటారా అన్నది డబ్బు కట్టక ముందే అడ్వైజర్‌కు ఈమెయిల్ రాసి, జవాబును దాచుకోండి. నోటి మాట మీద నడవవద్దు.

సమాధానం (కర్నూలు)

కడప వారు చెప్పినదానికి ఒక దారి చేరుస్తాను. మా చెల్లెలి కూతురు అక్కడే పుట్టి పెరిగింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది గానీ చదవడం అంతంతమాత్రం. ప్లేస్‌మెంట్ పరీక్షలో ఆమెను మూడో సెమిస్టర్ హిందీ ఉర్దూ తరగతిలో వేశారు. ఆ ఒక్క తరగతి మంచి గ్రేడుతో పూర్తి చేశాక, కింది రెండు సెమిస్టర్ల క్రెడిట్లు కూడా కలిపారు. దీనిని రెట్రో క్రెడిట్ అంటారు. విస్కాన్సిన్ మాడిసన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇందుకు కనీసం బి గ్రేడు రావాలి.

మీ అమ్మాయికి తెలుగు కంటే సంస్కృతంతోనే ఈ అవకాశం ఎక్కువ, ఆ కళాశాలలో సంస్కృతం బోధిస్తున్నట్లయితే. అయితే ఇంటర్‌లో తొంభైకి పైగా మార్కులు వచ్చినంత మాత్రాన భాష వచ్చినట్లు కాదు. దేవనాగరి తడబడకుండా చదవడం, శబ్దాలు, ధాతువులు, సంధులు ఈ రెండు నెలల్లో మళ్లీ చూసుకోమనండి. స్థాయికి మించిన తరగతిలో పడితే గ్రేడు తగ్గుతుంది, దానితో వెనుకటి క్రెడిట్లూ పోతాయి. తేలిక తరగతి కోసం తెలిసి తెలిసి తక్కువగా రాయడం కూడా సరికాదు, చదివిన సంగతి సర్టిఫికెట్లలో ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకవేళ క్రెడిట్లు వస్తే, సెమిస్టర్‌కు తక్కువ తరగతులు తీసుకొని ఫీజు తగ్గించుకోవచ్చునా?

సమాధానం (కడప)

ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద డిగ్రీ చదివేవారు సాధారణంగా ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్ల తరగతులలో ఉండాలి. పరీక్షతో వచ్చినవి ఆ 12లోకి రావు. పైగా చాలాచోట్ల 12 నుండి సుమారు 18 క్రెడిట్ల వరకు ఫీజు ఒక్కటే, కనుక తరగతులు తగ్గించినా మిగిలేదేమీ ఉండదు. చదువు ఒక సెమిస్టర్ ముందుగా పూర్తయితేనే ఆ ఆరు నెలల ఫీజు, ఇంటి అద్దె మిగులుతాయి. అది సాధ్యమా అన్నది మొదటి సెమిస్టర్‌లోనే అడ్వైజర్‌తో కూర్చుని లెక్క వేయించండి.