ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో: అసలు ఎన్ని గంటల ప్రయాణం?

గోదారిగట్టు: రాత్రి నుంచి కాగితాలు చింపుతూనే ఉన్నా, లెక్క కుదిరి చావడం లేదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో డైరెక్ట్ ఫ్లైట్. తెల్లవారుజామున 3.30కి ఎక్కితే అదే రోజు పొద్దున 6.30కి దిగుతుందట. దూరం 12,400 కి.మీ. గంటకు 900 వేసుకుంటే 14 గంటల లోపే. టైం తేడా కలిపి చూస్తే పదిహేనున్నర. టికెట్ మీద పదహారున్నర. ఏది నిజం? ఒక్క ముక్కలో చెప్పండి బాబూ.

రాత్రిబండి: ఏ తేదీ?

పటాలపిచ్చి: ఒక్క ముక్కలో తేలేది కాదండీ. మీ 12,400 గ్లోబు మీద దారం లాగి కొలిచిన దూరం. విమానం ఆ దారం వెంట పోదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే రూట్లో అట్లాంటిక్ వదిలేసి పసిఫిక్ మీదుగా వెళ్లింది. దూరం 13,900 కాస్తా 15,300 కి.మీ. అయింది. అయినా రెండు గంటలు కలిసొచ్చి, పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది మరి. తూర్పుగా పోతే వెనకనుంచి తోస్తుంది, పడమటికి పోతే ఎదురు కొడుతుంది. ఇక గోడ మ్యాపులైతే...

గోదారిగట్టు: మ్యాపుల సంగతి తర్వాత సార్. గంటలు చెప్పండి.

కొలతలరావు: ఏవియేషన్‌లో కి.మీ. కాదు, నాటికల్ మైలు. 1.852 కి.మీ. మీ 12,400 కి.మీ. అంటే దాదాపు 6,690 నాటికల్ మైళ్లు. ఎక్కడైనా 7,700 అని కనిపిస్తే అవి మామూలు మైళ్లు. ఇంకోటి, డైరెక్ట్ అంటే ఆగదని కాదు. ఫ్లైట్ నంబరు మారకుండా మధ్యలో ఆగినా డైరెక్టే. ఆగనిది నాన్‌స్టాప్.

పటాలపిచ్చి: జనం డైరెక్ట్ అనే అంటారు లెండి.

కొలతలరావు: విజయవాడ–గుంటూరు బస్సు మీద ఏం రాసుంటుందో చూడండి. పైగా 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలంలోకి మన విమానాలను రానివ్వలేదు. చుట్టు తిరిగి పోవాల్సొచ్చి కొన్ని ఫ్లైట్లు ఇంధనానికి మధ్యలో ఆగాయి. అందుకే టికెట్లో ‘స్టాప్స్’ దగ్గర ఏముందో చూసుకోమంటున్నా.

రాత్రిబండి: తేదీ అడిగాను.

గోదారిగట్టు: నవంబరు రెండో వారం. స్టాప్ ఏమీ లేదు, చూశా. తేదీకీ దీనికీ ఏం సంబంధం?

రాత్రిబండి: నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇప్పుడు తేడా పన్నెండున్నర గంటలు, అప్పటికి పదమూడున్నర. మీరు ఇవాళ్టి తేడా వేశారు. మన 3.30 అంటే వాళ్లకు ముందు రోజు మధ్యాహ్నం 2. అక్కణ్ణుంచి పొద్దున 6.30కి పదహారున్నర. టికెట్ కరెక్టే. రన్‌వే దాకా వెళ్లే టైం కూడా అందులోనే.

గోదారిగట్టు: హమ్మయ్య. అమ్మ ఒక్కతే వస్తోంది. ఇన్సులిన్ వేళలు రాసివ్వాలని ఇంత తిప్పలు.

కొలతలరావు: ఇది కదండీ ముందు చెప్పాల్సింది!

రాత్రిబండి: డోసు డాక్టరునే అడగండి. ఢిల్లీ దాకా ప్రయాణం, అక్కడ కూర్చునే గంటలూ కలిపి చెప్పండి. ఇన్సులిన్ చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు, గడ్డకడితే పనికిరాదు. డాక్టర్ చీటీతో సహా హ్యాండ్‌బ్యాగులోనే. వాచీ దిగేదాకా ఇండియా టైంలోనే ఉంచమనండి.

గోదారిగట్టు: రాజమండ్రి నుంచి బయలుదేరుతోంది, అదీ కలుపుతా. థాంక్స్.

కొత్తసభ్యుడు: మా నాన్నగారి తిరుగు టికెట్‌లో శుక్రవారం రాత్రి 8కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కితే ఢిల్లీ ఆదివారం అని ఉంది. తప్పు పడిందా?